నాలుక పుట్టిన ఊరు

తెల్లవారింది. దానిమ్మకాయ పగిలినట్టు తూర్పు ఎర్రబడింది. నీలకేసర నగరపు కోటగోడ మాత్రం ఆ ఎరుపును ఇసుమంతైనా తన మీద పడనివ్వలేదు. అది నల్లరాతి గోడ. ఏనుగు మీద ఏనుగును నిలబెట్టినా దాని పై అంచు అందదు. గోడ పొడుగునా నీలం సింహాలు చెక్కి ఉన్నాయి. ఆ సింహాల జూలులో నిజం పావురాలు గూళ్లు కట్టుకుని కువకువలాడుతున్నాయి.

అంత గోడకు ఒకటే ద్వారం. ద్వారానికి ఇరువైపులా ఈటెలు పట్టిన భటులు. ఆ భటుల నడుమ, ఎవరూ ఊహించని వస్తువు ఒకటి వేలాడుతోంది.

ఊయల!

పసుపు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఇద్దరు పడుచులు దాన్ని చూసి ఆగిపోయారు. ముందున్నది హంసగిరి రాకుమార్తె కువలయ. వెనకున్నది తరళ. నగలు తీసేసి, ముతక చీరలు కట్టి, చేతులకూ చెంపలకూ పసుపు పూసుకున్నారు కనుక చూసినవాళ్లెవరూ అంతఃపురం పిల్లలనుకోరు.

"అక్కా, గురువుగారు చెప్పిన ఊయల కావలి ఇదేనే," అంది తరళ గుసగుసగా.

"నాకు కళ్లు లేవనుకున్నావా?" అంది కువలయ.

నీలకేసర దేశంలో ఒక ఆచారం ఉంది. కొత్తవాళ్లెవరు వచ్చినా ఆ ఊయల మీదికి వంగి, అందులో ఉన్న పాలుతాగే పాపతో కాసేపు మాట్లాడాలి. ఏం మాట్లాడినా సరే, మాట మాత్రం ఆగకూడదు. తన దేశపు పలుకు వింటున్నంతసేపూ పాప నవ్వుతుంది, లేదా ఊరుకుంటుంది. పరాయి పలుకు చెవిన పడిందంటే పెదవి విరిచి గుక్కపెడుతుంది. వేషం ఎవరైనా మారుస్తారు, భాష ఎవరైనా నేర్చుకుంటారు, పాలు తాగేనాడు విన్న రాగాన్ని మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదనీ, ఆ రాగం పాలు తాగేవాళ్లకే బాగా తెలుస్తుందనీ ఆ దేశపువాళ్ల నమ్మకం. పోయేవాళ్లను ఊయల ఏమీ అడగదు. వచ్చేవాళ్లనే అడుగుతుంది.

వాళ్ల కళ్లముందే ఒక లావుపాటి అద్దకం బట్టల వర్తకుడు ఊయల మీదికి వంగాడు. "బంగారు తల్లీ, చిట్టి తల్లీ..." అని కేసర భాషలో రెండు మాటలన్నాడో లేదో, పాప కెవ్వుమంది.

పక్కనే పీట వేసుకుని కూర్చున్న పాప తల్లి వక్క కొరుకుతూ తల అడ్డంగా ఊపింది. "మా బుడ్డదానికి నచ్చలా. తోసెయ్యండయ్యా!"

"అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా మీ భాషే మాట్లాడుతున్నా!"

"మాట్లాడితే మాట్లాడావులే. నీ చిన్నప్పుడు యాడున్నావో దానికి తెలిసిపోయింది."

భటులు వర్తకుణ్ణి రెక్క పుచ్చుకుని ఈడ్చుకుపోయారు. అతని తలపాగా దారి పొడుగునా విప్పుకుంటూ పోయింది.

 అయినా కువలయ అడుగు వెనక్కి వెయ్యలేదు. ఎలా వేస్తుంది? ఆమె అన్న వసంతకేతుడు ఈ నగరంలోనే బందీగా ఉన్నాడు. నీలకేసరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మాంత్రికుడు కాలఘంటుడు అతణ్ణి పట్టి తెచ్చి, హంసగిరి కోటలోకి పోయే సొరంగం ఎక్కడుందో చెప్పమని పీడిస్తున్నాడు. వసంతకేతుడు నోరు విప్పలేదు. విప్పనందుకు ఈరోజు సూర్యుడు అస్తమించేలోగా అతను కంచు విగ్రహమైపోతాడు. ఈ వార్త వేగులవాడు తెచ్చినప్పుడు కువలయ సభలో లేచి నిలబడి, "అన్నను నేను తెస్తాను. కేసర భాష నాకు వచ్చు," అంది.

నిజమే, వచ్చు. పదో ఏట మొదలుపెట్టి నేర్చుకుంది. పంజరంలో చిలక పడుకున్నాక కూడా ఆమె దీపం ముందు పద్యాలు వల్లెవేసేది. సభలో అందరూ మెచ్చుకోబోయారు. అంతలో గురువుగారు గడ్డం సవరించుకుని, కంచును రాల్చే భస్మం ఆమె చేతిలో పెట్టి, "అమ్మా, నీకు భాష వచ్చు. కాని నీ నాలుక హంసగిరిలో పుట్టింది. తరళను వెంట తీసుకుపో," అన్నారు.

తరళ! ఎప్పుడూ తరళే!

వరదలో తలుపుచెక్క పట్టుకుని కొట్టుకొచ్చిన కేసర దేశపు ఏడేళ్ల పిల్లను మహారాజు ఒడ్డుకు తీయించి, కూతురితో పాటు పెంచాడు. ఆనాటి నుంచి కువలయకు కడుపుమంట మొదలైంది. తరళ హంసగిరి మాటలు వంకరగా పలికితే అంతఃపురమంతా ముద్దుగా ఉందని మురిసిపోయేది. "ఇంకోసారి అనవే, ఇంకోసారి," అని దాసీలు బతిమాలేవాళ్లు. కువలయ కేసర భాష వంకరగా పలికితే మాత్రం గురువుగారు నుదురు కొట్టుకునేవారు. ఒకరి వంకర ముద్దూ, ఇంకొకరి వంకర తప్పూ ఎలా అవుతాయో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు.

పోనీ తరళకు కేసర మాటలు గుర్తున్నాయా అంటే, అవీ లేవు. అన్నీ మరిచిపోయింది. దారిలో కువలయే ఒక్కొక్క మాటా చెప్పింది. చెప్పిన మాట చెప్పినట్టు తరళ నోట్లో పడగానే తేనెలో ముంచి తీసినట్టు మారిపోయేది. కొండలు దాటేసరికి చెప్పనివి కూడా పలకడం మొదలుపెట్టింది. పాతరలో దాచిన గింజలు మొదటి వానకే మొలకెత్తినట్టు ఆ మాటలు లేచాయి. చూసి కువలయ కళ్లలో నిప్పులు పోసుకుంది.

"నేను మాట్లాడతాను. నువ్వు నోరు మూసుకుని వెనకాల నిలబడు," అంది ఇప్పుడు.

"అక్కా, గురువుగారు నన్ను..."

"అన్న నాకు అన్న. నీకు కాదు."

తరళ తల దించుకుంది.

కువలయ బుట్ట దింపి ఊయల మీదికి వంగింది. పాప బోసినోటితో ఆమెను చూసింది. కువలయ ఆ భాషలోకెల్లా అందమైన జోలపాట ఎంచుకుంది. ఒక్క అక్షరం తప్పుపోలేదు. ఒత్తులన్నీ వాటి చోట్ల అవి ఉన్నాయి. రెండో చరణం దాకా పాప కనుబొమలు ముడిచి, ఇదేమిటన్నట్టు విన్నది. మూడో చరణంలో కింది పెదవి వణికింది. ఆ తర్వాత పుట్టిన ఏడుపుకు గోడమీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ఈటె మొన కువలయ మెడకు తగిలింది.

"ఓలమ్మో, ఆగండయ్యా ఆగండి!" తరళ బుట్టను అక్కడే పడేసి ముందుకు దూకింది. "అది మా వదినె! మా అన్న కొండల అవతల నుంచి చేసుకొచ్చాడు. దానికి మాటే సరిగా రాదు, పైగా పాటంట పాట! ఏమే, నీ పాటకి గేదెలు కూడా తాళ్లు తెంపుకుపోతయ్యని చెప్పలా? పిల్లదాన్ని ఏడిపించావు గదే!"

అంటూనే ఊయల మీదికి వంగింది. "ఏంది బుజ్జమ్మా, ఏంది తల్లీ, భయపెట్టిందా మా వదినె? దాన్ని కొడదామా? ఉత్తుత్తినే కొడదామా?"

పాప ఏడుపు గుక్కలోనే తెగిపోయింది. చిట్టి చేత్తో తరళ ముక్కు పట్టుకుని కిలకిలమంది. భటులు కూడా నవ్వారు. ఈటె తప్పుకుంది.

పాప తల్లి వక్క నమలడం మాని తరళను తేరిపార చూసింది. "నీది ఏటొడ్డు గదూ? మా అమ్మమ్మ అచ్చం ఇట్టాగే మాట చివర మెత్తగా జార్చేది. ఎన్నాళ్లయిందో విని! పో అమ్మా పో. ఆ మొద్దు వదినెకి కాస్త మాటలు నేర్పుకో."

తరళ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. తన మాటకు ఒక ఊరు ఉందని ఆమె వినడం అదే మొదలు.

ఆ నీళ్లు చూసి కువలయ పళ్లు నూరుకుంది. ప్రాణం దక్కినందుకు సంతోషం ఆవగింజంత. మొద్దు వదినె అనిపించుకున్నందుకు మంట గుమ్మడికాయంత.

*

ద్వారం దాటితే అంగడి. సాంబ్రాణి పొగ, వేయించే పల్లీల వాసన, నీలిమందు తొట్లలోంచి తీసి ఆరేసిన చీరల నీలం నీడలు. ఆ నీడల కింద నడిచేవాళ్ల మొహాలు కూడా నీలంగా మారి, గంధర్వులు తిరుగుతున్నట్టు ఉంది. గాజుల దుకాణాల ముందు నెమళ్లు పిల్లుల్లా పడుకుని ఉన్నాయి. నగరం మధ్యలో కాలఘంటుడి లోకోట. దాని శిఖరాన ఇల్లంత గంట. సూర్యుడు కుంకగానే ఆ గంట మోగుతుంది. మోగితే వసంతకేతుడు ఇక లేడు.

లోకోటకు దారి అడిగింది తరళ. అడిగిన ప్రతిచోటా ఆమెకు మర్యాదలే. పూలమ్మే ఆమె మూర పూలు ఊరికే ఇచ్చింది. మజ్జిగ అమ్మే తాత చెంబుడు పోసి, "మా ఏటొడ్డు పిల్లవి, డబ్బులేందే!" అన్నాడు. కువలయ రెండు బుట్టలూ మోస్తూ, మూగదానిలా వెనక నడిచింది. ఒక్క మాట పెగిలితే పట్టుబడుతుంది మరి. ఒకామె ఆమెను చూసి, "పాపం, వదినెకి పుట్టు మూగా?" అని అడిగింది కూడా. తరళ నవ్వాపుకోలేక పూలలో మొహం దాచుకుంది.

ఆ నవ్వే కువలయ గుండెలో ముల్లయి విరిగింది.

నీలిచీరల సందు మలుపులో పళ్లు పెట్టుకుని ఒక అవ్వ కూర్చుంది. చెవులకు గవ్వలు, మెడకు గవ్వలు, జుట్టు కొసన గవ్వలు. తరళ దారి అడగడానికి నాలుగు అడుగులు ముందుకు పోగానే అవ్వ కువలయ కొంగు పట్టుకుంది.

"హంసగిరి పిల్లా," అంది చక్కని హంసగిరి మాటలో. "కుళ్లు కంపు కొడుతున్నావే!"

కువలయ కొంగు లాక్కుంది. "ఎవరు నువ్వు?"

"నన్ను గవ్వలమ్మ అంటారు. కాలఘంటుడికి నేను భయపడను, నేనంటే వాడికి పడదు. నీకు కావలసింది నా బుట్టలో ఉంది." పళ్ల అడుగు నుంచి ఒక కవల అరటిపండు తీసింది. రెండు పళ్లు ఒకే తొక్కలో అతుక్కుని, లేత బంగారంలా మెరుస్తున్నాయి. "ఎడమది నువ్వు తిను, కుడిది దానికి పెట్టు. దాని నాలుక పుట్టిన ఊరు నీకొస్తుంది. నీది దానికి పోతుంది. నేర్చుకున్న మాటలన్నీ ఎవరివి వాళ్లకే ఉంటయ్. పలుకు మాత్రం మారుతుంది."

"నాకు ఉచితంగా ఎందుకిస్తావు?"

"కవల పండు పంచుకుంటే ఏమవుతుందో చూద్దామని నాకు సరదా. తీసుకుంటే తీసుకో, లేకపోతే మేకకు వేస్తా."

"తిరిగి మార్చుకోవచ్చా?"

అవ్వ గవ్వలన్నీ గలగలలాడేలా నవ్వింది. "అప్పుడే తిరిగిచ్చే ఆలోచనేంటే!"

లోకోటలోకి పోవాలంటే కేసర పలుకు కావాలి. ఆ పలుకు తనకే ఉంటే? అన్న చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేది తనే. రేపు సభలో తండ్రి లేచి వచ్చి దిష్టి తీసేది తనకే. కువలయ ఇంకేమీ ఆలోచించలేదు. తొక్క ఒలిచి ఎడమది నోట్లో పెట్టుకుంది. రెండోది పట్టుకుని పరుగున పోయి తరళ చేతిలో పెట్టింది.

"తిను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

తరళ మొహం విప్పారింది. దారి పొడుగునా కువలయ ఆమెకు పెట్టిన మొదటి ముద్ద అది. "నువ్వు తిన్నావా అక్కా?"

"తిన్నానులే."

తరళ కళ్లకద్దుకుని మరీ తింది.

కువలయ నాలుక మీద ఏదో పాము కుబుసం విడిచినట్టు జారింది. ఆమె గోడవైపు తిరిగి, కేసర భాషలో మెల్లగా "ఏటినీళ్లు" అంది. మాట చివర మెత్తగా జారింది! ఇన్నేళ్లు చెవితో విని, నోటితో అందుకోలేక ఏడ్చిన ఆ జారుడు, తన సొంత నోట్లోంచి! మళ్లీ అంది. మళ్లీ మళ్లీ అంది. పట్టుచీర కట్టుకున్న పసిపిల్లలా ఆమెకు నవ్వాగలేదు.

"ఇప్పటి నుంచి నేనే మాట్లాడతాను," అంది కేసర భాషలోనే.

తరళ తెల్లబోయింది. "అక్కా! ఎట్లా వచ్చింది నీకు? ఎంత బాగుందో!" అని హంసగిరి మాటలో అని, తన మాట తనకే కొత్తగా వినిపించి చెవి రుద్దుకుంది. ఆమె ఇంకేదో అడగబోయేలోగా కువలయ లోకోట వైపు నడిచింది.

*

లోకోట ద్వారం ఇనుముది కాదు, చెక్కది కాదు. నిలువెత్తు కంచు రేకు. గుమ్మం మీద, బయటి నుంచీ లోపలి నుంచీ అందేలా ఒక కంచు ఊయల, అందులో ఒక కంచు పాప. కంచు కళ్లు తెరిచి, కంచు పిడికిళ్లు బిగించి పడుకుని ఉంది. బయటి పాప ముప్పై ఏళ్లుగా కేసర భాష మాట్లాడుతున్న వర్తకుణ్ణి పట్టింది కదా, ఈ పాప మూడు తరాల వెనక పలుకును కూడా పడుతుందట. కేసర మాట వింటున్నంతసేపూ తలుపు తెరిచి ఉంటుంది. మాట ఆగిన మరుక్షణం పడిపోతుంది.

కాపలా భటులు నలుగురు నీడన కూర్చుని పులిజూదం ఆడుకుంటున్నారు. "లోపల పసుపెందుకమ్మా? మాంత్రికుడికి పేరంటమా?" అన్నాడొకడు.

"పోయి ఆయన్నే అడుగు. అడిగొచ్చేదాకా నీ పులుల్ని నేను చూసుకుంటాలే," అంది కువలయ. భటుడు గతుక్కుమని, మిగతావాళ్లు పగలబడి నవ్వుతుండగా చెయ్యి ఊపాడు.

ఆమె కంచు పాప మీదికి వంగింది. "లేవమ్మా, తలుపు తియ్యమ్మా, ఎండకు నా పసుపు ఎండిపోతోంది గదమ్మా..."

కంచు పెదవులు కిర్రుమని విడివడ్డాయి. పాప నవ్వింది. తలుపు నెమ్మదిగా పైకి లేచింది. కువలయ గుండె ఉప్పొంగింది. మాట్లాడుతూనే గుమ్మం దాటింది.

"రెండో ఆమె కూడా పలకాలి," అన్నాడు భటుడు.

తరళకు భయమెందుకు? పొద్దున్నే పాపను నవ్వించింది. ఆమె చిరునవ్వుతో వంగి, "ఏంది బుజ్జమ్మా," అంది.

అన్న మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది. ఆ మాట తనది కాదు. మాట చివర జారవలసిన చోట హంసగిరి సాగదీత వచ్చి కూర్చుంది. పరాయి మాట! తన ఊరి మాట తన నోట్లోనే పరాయిదైపోయింది!

కంచు పాప అరిచింది. ఆ అరుపుకు పులిజూదం గవ్వలు ఎగిరిపడ్డాయి. తలుపు ధడాలున పడింది. పడేముందు రెప్పపాటులో కువలయ తరళ కళ్లను చూసింది. ఆ కళ్లల్లో కోపం లేదు. అరటిపండు గుర్తొచ్చిందో లేదో కూడా తెలియలేదు. "అక్కా!" అన్న కేక మాత్రం తలుపు కింద నలిగి లోపలికి వచ్చింది.

"ఇప్పుడు తెలిసిందా మొద్దు వదినె అంటే ఏమిటో," అనుకుంది కువలయ. అనుకుని, ఆ తృప్తి ఇంకా నోట్లో ఉండగానే తలుపు వైపు ఒక అడుగు వేసింది. ఆగి చూడటానికి వేళ లేదు. పొద్దు వాలుతోంది. ఆమె పరుగెత్తింది.

లోపలి ప్రాంగణం ఒక కంచు అడవి. ఒకప్పుడు మనుషులైనవాళ్లు వరసలుగా నిలబడి ఉన్నారు. కత్తి దూసిన సేనానులు, చేతులు జోడించిన ముసలివాళ్లు, సగం నవ్వులో ఆగిపోయిన ఒక గారడీవాడు. వాళ్ల భుజాల మీద కాకులు వాలి ముక్కులు గీరుకుంటున్నాయి. ఆ వరస చివర వసంతకేతుడు! నడుము దాకా కంచు. పైన ఇంకా మనిషే. కంచు చీమలబారులా పైకి పాకుతోంది.

కువలయ కొంగుముడిలోంచి గురువుగారు ఇచ్చిన భస్మం తీసి అతని పాదాల మీద చల్లింది. కంచు పెంకులు పెంకులుగా రాలింది. వసంతకేతుడు కాళ్లు విదిల్చి, పక్కనున్న కంచు సేనాని చేతిలోంచి అసలైన కత్తి ఊడబెరికాడు.

"అన్నా!" అంది కువలయ ఆనందంతో.

కత్తి మొన వచ్చి ఆమె గొంతు ముందు ఆగింది. పొద్దుట్నుంచి ఆ మెడకు ఇది రెండోసారి.

"మళ్లీ వచ్చావా మాయబొమ్మా!" అన్నాడు వసంతకేతుడు. "నిన్న మా చెల్లెలి రూపంలో వచ్చి ఏడ్చావు. మొన్న నీళ్లు తెచ్చావు. ఈరోజు విడిపించి, నమ్మించి, సొరంగం దాకా నా వెనకే రావాలని ఎత్తు వేశావా?"

"కాదన్నా! నేను కువలయను! నిజంగా నేనే!"

అన్నది హంసగిరి మాటే. పలికింది మాత్రం ఏటొడ్డు నాలుక. ప్రతి మాట చివరా మెత్తగా, అందంగా, కేసర దేశంలా జారింది.

వసంతకేతుడు చేదుగా నవ్వాడు. "రూపం ఎవరైనా దొంగిలిస్తారు. ముక్కు, కళ్లు, పుట్టుమచ్చ, అన్నీ తెచ్చారు మీరు. మా అమ్మ ఒళ్లో నేర్చుకున్న పలుకు ఎక్కడి నుంచి తెస్తారు? మా చెల్లి 'అన్నా' అంటే హంసగిరి కొండ ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగుతుంది. నీ నోట్లో ఆ కొండ లేదు."

కువలయ ప్రయత్నించింది. గొంతు బిగించింది. చిన్నప్పుడు అమ్మ పిలిచినట్టు, తను పిలిచినట్టు సాగదీయబోయింది. రాలేదు. నోట్లో అంతా నీళ్లే, ఒక్క రాయి లేదు. ఎన్నేళ్లో అసూయపడిన పలుకు చేతికొచ్చింది. దాంతో అన్నను ఒక్క పిలుపు పిలవలేకపోయింది.

అంతలో కంచు తలుపు అవతల నుంచి కేక.

"అన్నయ్యా... వసంతన్నయ్యా... ఆమె లోపలుందీ... రక్షించూ..."

భటులతో పెనుగులాడుతూ తరళ అరుస్తోంది. ప్రతి పిలుపూ కొండ చివర దాకా సాగుతోంది. అచ్చం అమ్మలా. అచ్చం కువలయలా.

వసంతకేతుడి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "అదీ నా చెల్లెలు!" కువలయను పక్కకు తోసి తలుపు వైపు దూకాడు. కంచు రేకును భుజంతో గుద్దాడు. కత్తితో పొడిచాడు. తలుపు ఇసుమంత కదలలేదు.

తోపుకు నేల మీద పడిన కువలయ మోచేయి దోక్కుపోయింది. రక్తం చూసుకుంది. అన్న ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పుట్టినప్పటి నుంచి తనవాడే అనుకున్న ఒకే ఒక్క మనిషి, ఆ తరళ గొంతు విని ఇలా పరుగెత్తాడు! కడుపులో మంట భగ్గున లేచింది. తలుపు ఇలాగే ఉండిపోతేనేం? ఇద్దరికీ మధ్య ఈ కంచు ఎప్పటికీ ఇలాగే ఉంటేనేం?

పడమట గోపురం అంచును సూర్యుడు తాకాడు. రాలిన కంచు పెంకులు నేల మీద పురుగుల్లా కదిలి, మళ్లీ వసంతకేతుడి పాదాల వైపు పాకడం మొదలుపెట్టాయి.

కువలయ లేచింది. లోపలి వైపు గుమ్మం పక్కన రాతి మెట్టు ఎక్కి, కంచు ఊయల మీదికి వంగింది.

"విను పాపా," అంది కేసర భాషలో. "నీకు ఒక దొంగదాని కథ చెప్తా. దాని పేరు తరళ."

కంచు పాప అరుపు ఆపి చెవి ఒగ్గింది. తలుపు లేచింది.

వసంతకేతుడు సుడిగాలిలా బయటపడ్డాడు. ఒక భటుడి ఈటె విరిగింది, ఇంకొకడు పులిజూదం బల్ల మీద బోర్లాపడ్డాడు. మిగిలిన ఇద్దరూ కాలికి బుద్ధి చెప్పారు. అతను తరళ మొహం చూసి ఒక్క క్షణం ఆగాడు. "ఆ మాంత్రికుడు నీకు తరళ రూపం తగిలించాడా చెల్లీ! భయపడకు, ఇంటికి పోయాక గురువుగారు విప్పుతారు," అని ఆమెను రెక్క పట్టి భటుల గుర్రం మీదికి ఎక్కించాడు.

"అన్నయ్యా, నేను తరళనే! అక్క ఆమె! ఆ ఊయల దగ్గరున్నదే అక్క!" తరళ గింజుకుంది.

"మాయబొమ్మను చూడకు!"

"అక్కా! దిగి రా! పరుగెత్తు!"

కువలయ దిగలేదు. దిగితే మాట ఆగుతుంది, ఆగితే తలుపు పడుతుంది. బందీ బయట ఉండగా తలుపు పడితే పొద్దు కుంకకముందే లోకోట గంట మోగుతుంది, గంట మోగితే నగరద్వారం మూస్తారు. గుర్రం అంగడి దాటేదాకా మాట సాగాలి.

ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కరలేదు. ఇన్నేళ్లుగా లోపల పోగుపడిందే కొండంత ఉంది.

"దానికి జ్వరం వస్తే మా నాన్న దాని మంచం దగ్గర కూర్చున్నాడు పాపా. నాకు వచ్చినప్పుడు వైద్యుణ్ణి పంపాడు. నా గుర్రప్పిల్ల నా చేతిలో గడ్డి తిని దాని వెనకాల పోయేది. అన్న ఈత ముందు దానికే నేర్పాడు. వరదలో వచ్చింది గదా, నీళ్లంటే భయం పోవాలని. నాకు భయం లేదని ఎవరు చెప్పారు? నేను మాటలు దిద్దితే అది దిద్దుకునేది, ఎదురు చెప్పేది కాదు, అదీ నాకు మంటే. ఇప్పుడు చూడు, మా అన్న గుర్రం మీద ముందు కూర్చుంది. అరటిపండు పెట్టానని కళ్లకద్దుకుంది పాపా, దానికి అంత బుద్ధి లేకపోతే ఏంటి! నాకు అదంటే ఒళ్లుమంట. అది చల్లగా ఇంటికి చేరాలి. చేరితే ఇంకా మంట..."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కంచు పాప కళ్లార్పకుండా వింటోంది. దూరంగా డెక్కల చప్పుడు అంగడి రాళ్ల మీద సన్నబడుతోంది.

వెనక, కంచు మనుషుల మధ్య నుంచి ఎవరో తీరిగ్గా నడిచి వస్తున్నారు. అడుగు పడినప్పుడల్లా కాకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. వేడి ఊపిరి ఆమె మెడ వెనక తగిలింది.

"ఎంత చక్కని పలుకు!" అన్నాడు కాలఘంటుడు. "ఏటొడ్డు మాట విని ఎన్నేళ్లయిందో. ఎవరి అమ్మాయివి తల్లీ?"

కువలయ వెనక్కి తిరగలేదు. డెక్కల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"కాస్త ఆగండి స్వామీ, పాప వింటోంది," అంది. ఊయల తాడు చేతికి చుట్టుకుని ఇంకొంచెం కిందికి వంగింది. "ఆ తర్వాత అదేం చేసిందో తెలుసా పాపా..."